పాత ఫ్రేములో సింహం, పక్కన చదువుకుంటున్న ముసలాయన: ఈ పునీతుడు ఎవరు?

ఫిరంగిపురం చిన్నోడు (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వాళ్ల ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీద ఒక ఫ్రేము బయటపడింది. అమ్మమ్మ చిన్నప్పుడు మా విచారణలో (చర్చి పరిధిలో) పనిచేసిన విదేశీ ఫాదర్ ఒకాయన దేశానికి వెళ్లిపోతూ ముత్తాతకు ఇచ్చారట. రంగుల్లేవు, అంతా నల్లగీతలే. స్కేలు పెట్టి కొలిస్తే సుమారు 26 సెంటీమీటర్ల ఎత్తు, 21 వెడల్పు.

వెడల్పాటి అంచున్న టోపీ పెట్టుకుని ఒక ముసలాయన చెట్టు కింద కూర్చుని చదువుకుంటున్నాడు. దగ్గరలో సింహం. దాని మొహం ఆయన వైపు లేదు, మన వైపూ లేదు, ఎటో చూస్తోంది. వెనక గుట్ట మీద ఇళ్లు. తల చుట్టూ కాంతివలయం లేదు, పేరు లేదు, సంతకం లేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. పదేళ్ల కిందట ఫ్రేము మార్చడానికి ఇస్తే, ఆ షాపతను కొత్త ఫ్రేములో పట్టడం లేదని నాలుగు పక్కలా కాగితం కోసేశాడు. ఇప్పుడు బొమ్మ అంచు దాటితే ఏమీ మిగల్లేదు. మొన్న పాత సామాన్లు కొనే ఒకతను చూసి నలభై వేలు ఇస్తా, ఇచ్చేయమన్నాడు. అతను అంత తొందరపడేసరికి నాకు అనుమానం వచ్చింది. ఈయన ఎవరు? ఇది నిజంగా పాత ఎచింగేనా (రాగిరేకు మీద గీసి అచ్చు వేసిన బొమ్మ)?

మరియమ్మ టీచర్

బాబూ, సింహం కనిపించగానే ఎవరో చెప్పేయొచ్చు. పునీత జెరోము గారు. సెప్టెంబరు 30న పండుగ. బెత్లెహేములో ఉండి బైబిలును లాటిన్‌లోకి తర్జుమా చేసిన పండితుడు, 420లో అక్కడే పోయారు. మఠంలోకి కుంటుకుంటూ సింహం వస్తే మిగతావాళ్లంతా పరుగు తీశారనీ, ఈయన మాత్రం దాని పాదంలో ముల్లు తీశారనీ, అప్పటినుంచీ అది ఆయన్ని వదల్లేదనీ మాకు చెప్పేవాళ్లు. నిజానికి అది గెరాసిము అనే ఇంకో సన్యాసి కథ. లాటిన్‌లో ఇద్దరి పేర్లూ దగ్గరగా ఉండటంతో ఈయన ఖాతాలో పడిపోయిందంటారు.

మామూలుగా ఆయన పక్కన పుర్రె, ఎర్ర టోపీ, గుండెలు బాదుకోవడానికి చేతిలో రాయి ఉంటాయి. మీ బొమ్మలో అవేవీ లేకపోవడం నాకూ వింతగానే ఉంది.

నల్లగొండ నవీన్

టోపీ పెట్టుకుని చెట్టు కింద పుస్తకం చదువుకునుడు చూస్తే మా పెద్దనాయన బత్తాయి తోట కాడ పేపర్ చదివినట్టే ఉందన్నా. సింహం బదులు మాకు కుక్క ఉండేది. అది కూడా ఎప్పుడూ అటే చూసేది.

రాగిరేకు

నవీన్ అన్నది నవ్వులాటకే అయినా బొమ్మ గురించి సరైన మాట. దాని సంగతి తర్వాత. ముందు చిన్నోడు గారు ఒక పని చేయాలి. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం దొరికితే తెచ్చుకోండి, లేదంటే ఫోనుకు తగిలించే మాక్రో లెన్స్ చాలు. అద్దం తీసి మూడు చూడండి.

ఒకటి, గీతలు గీతల్లానే ఉన్నాయా, దగ్గర్నుంచి చూస్తే వరసగా చుక్కలుగా విడిపోతున్నాయా? చుక్కలైతే అచ్చు పుస్తకంలోంచి చింపిన పేజీ, అంతటితో కథ ముగిసినట్టే. రెండు, గీత చివర ఎలా ఉంది? మూడు, కాగితాన్ని దీపానికి పక్కవాటుగా పట్టుకుంటే సిరా కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తోందా?

రెండోది ఎందుకంటే, నేను హైదరాబాద్‌లో ప్రింట్‌మేకింగ్ చదివిన మొదటి ఏడాదంతా ఈ ఒక్క తేడా మీదే తిట్లు తిన్నాను. ఎన్‌గ్రేవింగ్‌లో బ్యూరిన్ అనే చిన్న ఉలితో రాగిని నేరుగా చెక్కుతాం. ఉలి దిగేటప్పుడు సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, లేచేటప్పుడు మళ్లీ సూదిమొనలా ముగుస్తుంది. ఎచింగ్‌లో రాగిని మనం చెక్కం. రేకు మీద మైనం, గుగ్గిలం కలిపిన పూత పూసి, సూదితో ఆ పూతను మాత్రమే గీరతాం. తర్వాత యాసిడ్‌లో ముంచితే, గీరినచోట రాగిని యాసిడే తినేస్తుంది. ఆ గాళ్లలో సిరా నింపి కాగితం మీద అచ్చు వేస్తాం. కాగితం మీద పెన్ను నడిచినట్టు చెయ్యి ఎటు తిరిగితే గీత అటు పోతుంది. చివర్లు మాత్రం మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి. యాసిడ్‌కు మొన తేల్చడం రాదు.

ఫిరంగిపురం చిన్నోడు (ఆదివారం మధ్యాహ్నం)

చూశాను సార్! చుక్కలు లేవు. గీతల చివర్లు మొద్దుగానే ఉన్నాయి. సింహం జూలు దగ్గర వేలు పెడితే గరుగ్గా తగులుతోంది (అమ్మమ్మ కేకేసింది, తీసేశాను). ఫోటోలు పెట్టాను చూడండి. ఇంకో సంగతి గమనించాను. సింహం, చెట్టు నల్లగా, పూర్తిగా ఉన్నాయి. ముసలాయన మాత్రం సగం గీసి వదిలేసినట్టున్నాడు. కాళ్ల దగ్గర రెండు మూడు గీతలే, మిగతాదంతా తెల్ల కాగితం. రేకు అరిగిపోయి అలా వచ్చిందా?

లైడెన్ లక్ష్మి

అయ్యో, ఇది నాకు బాగా తెలిసిన బొమ్మ. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ సుమారు 1653లో చేసిన ‘ఇటలీ ప్రకృతిలో చదువుకుంటున్న జెరోము’. రేకు ఏమీ అరగలేదు, ఆయన వదిలిందే అంత. రెంబ్రాంట్ పుట్టిన ఊళ్లోనే ఉంటున్నా కదా, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ముందుగా చెప్పి వెళ్తే ప్రింట్లను బల్ల మీద పెట్టి చూపిస్తారు. అక్కడ దీని పాత ప్రతి చూశాను. జెరోమును ఆయన ఎచింగ్‌లో ఏడుసార్లు గీశాడు. 1648 నాటి ఒక దాంట్లో మొండిగా నరికిన విల్లో చెట్టు బొమ్మంతా ఆక్రమించుకుంటుంది. ముసలాయన దాని చాటున, చెట్టుకు ఆనించిన పలక మీద ఏదో రాసుకుంటుంటాడు. పునీతుడి కంటే చెట్టుకే ఎక్కువ పని పెట్టాడు.

రెంబ్రాంట్ ఉన్నది ఆమ్‌స్టర్‌డామ్‌లో, కాల్విన్ బోధ నమ్మే ప్రొటెస్టంట్ల ఊళ్లో. అక్కడి చర్చిల్లో పునీతుల బొమ్మలు ఎప్పుడో తీసేశారు. అయినా జెరోము చెల్లుబాటయ్యాడు, ఎందుకంటే ఆయన బైబిలు అనువాదకుడు. అద్భుతాలు చేసేవాడిగా కన్నా చదువుకునే ముసలాయనగా చూస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

కానీ చిన్నోడు గారూ, ఇప్పుడే లక్షలు లెక్కపెట్టకండి. రెంబ్రాంట్ పేరు మీద నకళ్లు ప్రపంచమంతా ఉన్నాయి.

మరియమ్మ టీచర్

నాకొకటి గుచ్చుకుంటోంది. సింహాన్ని అంత శ్రద్ధగా దిద్ది, పునీతుణ్ణి తెల్లగా వదిలేయడం ఏమిటి? చిత్రకారుడికి గౌరవం లేదా, ఓపిక అయిపోయిందా?

రాగిరేకు

టీచర్ గారూ, మీ ప్రశ్న కోసమే కాచుకున్నాను. ఆ ఫోటో తెరిచి, మధ్యాహ్నం పన్నెండింటికి మిట్టెండలో తెల్లపంచె కట్టుకున్న మనిషిని తలుచుకోండి. పంచె మడతలు కనిపిస్తాయా? కనిపించవు, కళ్లు చెదురుతాయి. ఎచింగ్ చేసేవాడి దగ్గర తెల్లరంగు ఉండదు. ఉన్నది కాగితం ఒక్కటే. గీత పడినచోటల్లా వెలుగు తగ్గుతుంది. కాబట్టి ముసలాయన మీద ఎండ పడాలంటే ఆయన్ని గీయకుండా ఆపుకోవాలి, ఆయన చుట్టూ ఉన్నవాటిని నల్లగా చేయాలి. ఆ సింహం, ఆ చెట్టు అంత నల్లగా ఉండబట్టే ఆయన అంత వెలుగులో ఉన్నాడు. కాంతివలయం లేదని చిన్నోడు గారు అన్నారు కదా, ఆ తెల్ల కాగితమే వలయం.

ఇక ఆయన నిజంగా ముగించలేదా, కావాలనే వదిలాడా అన్నది తెగే వాదన కాదు. నా మటుకు కావాలనే. ప్రాక్టీస్‌లో ఇది నేను ఎన్నోసార్లు చెడగొట్టుకున్నాను. బాగా వచ్చిన మొహానికి ఇంకో నాలుగు గీతలు వేద్దామని చెయ్యి లాగుతుంది, వేస్తాం, మొహం మసిబారుతుంది, రేకు పోతుంది.

నల్లగొండ నవీన్

అన్నా, మరి ఆయన అంత ప్రశాంతంగా గీస్తే, నేను నెట్టుల చూసిన ఆ కాలం బరోక్ స్టైల్ పునీతుల బొమ్మలన్నీ రక్తం, చర్మం ఒలుచుడే ఉన్నయేంది? రాత్రి అన్నం సహించలేదు.

రాగిరేకు

నువ్వు చూసింది రిబేరా అయి ఉంటుంది. జుసేపె దె రిబేరా, 1591లో స్పెయిన్‌లో హాతివాలో పుట్టి, నేపుల్స్‌లో స్థిరపడ్డాడు. మొత్తం మీద చేసినవి పద్దెనిమిది దాకా ప్రింట్లే, ఎక్కువ భాగం 1620లలో. తర్వాత దాదాపు మానేసి పెయింటింగ్‌లోనే ఉండిపోయాడు. నన్నడిగితే పునీతుల ఎచింగుల్లో ఆయనే మొనగాడు. రెంబ్రాంట్ అభిమానులు తిట్టుకోండి, పర్లేదు.

1624లో చేసిన ‘పునీత బర్తొలోమయి వేదసాక్ష్యం’ (విశ్వాసం కోసం ప్రాణమివ్వడం) చూడండి. చెట్టుకు కట్టేసిన ముసలాయన, చేతి దగ్గర చర్మం ఒలుస్తున్నారు. నవీన్ దడుచుకుంది ఇదే. కానీ భూతద్దం పెట్టి ఆ చర్మాన్ని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ అడ్డగీతలు వేయకుండా సన్నటి చుక్కలు, గింజంత గీతలు చల్లాడు. ముసలివాళ్ల ఒంటిమీద చర్మం వదులై, ఎముక మీద జారినట్టుంటుంది కదా, అది ఆ చుక్కల్లో దొరికింది. ఒలుస్తున్నవాడు కసాయి కూడా కాదు, తన పని తాను చేసుకుపోయేవాడిలా ఉంటాడు. నాకు అదే ఎక్కువ భయం. కింద ఒక రాకుమారుడికి అంకితమిస్తూ స్పానిష్‌లో రెండు మాటలు చెక్కాడు. ఇంత ఘోరమైన బొమ్మ దొరగారికి కానుక!

1621లో జెరోమును కూడా చేశాడు. పైనుంచి బూర వినిపిస్తుంది, కడపటి తీర్పు రోజున ఊదే బూర. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న ముసలాయన రాసుకుంటున్నవాడల్లా ఉలిక్కిపడి తలెత్తుతాడు. దాని పక్కన చిన్నోడు గారి జెరోమును పెడితే ఒకే మనిషి అనిపించడు.

మరియమ్మ టీచర్

యేసు శిష్యుల్లో ఒకరైన ఆ బర్తొలోమయి గారు మన దేశం వచ్చారని పాత చరిత్రకారుడు యుసేబియసు రాసిపెట్టాడు. తర్వాత వచ్చిన పాంతేనుసు అనే బోధకుడికి, ఈయన వదిలివెళ్లిన మత్తయి సువార్త ఇక్కడ కనిపించిందట. ఆ ‘ఇండియా’ ఏ దేశమో పండితులు ఇంకా తేల్చలేదనుకోండి.

రక్తం గురించి నవీన్‌కు ఒక మాట. ప్రొటెస్టంట్లు బొమ్మల్ని పగలగొడుతున్న కాలం అది. 1566లో ఆంట్‌వెర్ప్ గుడిలో చేసిన విధ్వంసం మామూలుది కాదు. దానికి మూడేళ్ల ముందే మా కతోలికుల ట్రెంట్ మహాసభ బొమ్మలు ఉండాల్సిందే, అవి చదువురాని వాళ్లకు బోధించాలి, భక్తిని కదిలించాలి అని తీర్మానించింది. కదిలించాలంటే మెత్తగా చెప్తే సరిపోదనుకున్నారు. చిన్నప్పుడు మా గుడిలో పునీత సెబాస్తియను గారి ఒంటినిండా బాణాలు చూసి ఏడ్చి, నేను రెండు వారాలు పూజకు వెళ్లలేదు. కదిలించిందా లేదా చెప్పు!

పాలమూరు పాల్

టీచరమ్మా, పగలగొట్టినవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. మాది మెన్నొనైట్ సంఘం, ప్రొటెస్టంట్లలో ఒక శాఖ. మాకు పునీతులు లేరు, నమ్మకం కోసం చంపబడ్డ హతసాక్షులు ఉన్నారు. 1685లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేసిన ‘హతసాక్షుల అద్దం’ పుస్తకానికి యాన్ లూకెన్ 104 ఎచింగులు చేశాడు. వాటిలో ఒకటి మా తాత తన బైబిల్లో పెట్టుకునేవాడు, అచ్చు కాగితమే లెండి. దర్క్ విల్లెమ్స్ అనే ఆయన జైలు నుంచి తప్పించుకుని గడ్డకట్టిన చెరువు మీద పరుగెత్తుతాడు. వెంటపడ్డవాడి కింద మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కి వచ్చి చెయ్యందిస్తాడు. బయటపడ్డవాడు ఈయన్నే పట్టుకుంటాడు. 1569లో ఆయన్ని మంటల్లో కాల్చేశారు. లూకెన్ ఆ మంట గీయలేదు, మంచు మీద వంగి చాచిన రెండు చేతులు గీశాడు. చేతివేళ్ల దగ్గర ఎంత ఖాళీ వదిలాడో చూడండి, రాగిరేకు గారు చెప్పిన ఖాళీయే.

రాగిరేకు

పాల్ గారూ, ఇది నాకు తట్టలేదు. రాత్రి చూస్తాను.

నల్లగొండ నవీన్

జాక్ కాలో అని ఇంకొకాయన కనపడ్డడు. పునీత అంతోని శోధన (దయ్యాలు ఆయన్ని పరీక్షించుడు) అంట. అందుల పునీతుడే దొరుకుతలేడు, అంతా దయ్యాలే.

రాగిరేకు

1635లో వచ్చిన పెద్ద రేకు అది. కుడివైపు గుహలో చూడు, గోరంత ఉంటాడు. పైన ఆకాశం నిండా పరుచుకున్న రాక్షసుడి నోట్లోంచి చిన్న దయ్యాలు రాలుతుంటాయి. నాన్సీ పట్టణం వాడు, 1592లో పుట్టి 1635లోనే పోయాడు. అప్పటిదాకా వాడే మెత్తటి పూతకు బదులు, వీణలాంటి వాద్యాలకు పూసే గట్టి వార్నిష్ వాడాడు. పూత పెచ్చులు ఊడదు, కాబట్టి అంత సన్నటి పని కుదిరింది. కొన్నిచోట్ల యాసిడ్ తగినంత కొరికాక అక్కడ వార్నిష్ పూసేసి, మిగతాచోట్ల మళ్లీ కొరికించేవాడు. దూరం లేతగా, దగ్గర ముదురుగా వచ్చేది అందుకే. ఏడాదిలో ప్రతి రోజుకూ పునీతుల బొమ్మలు కూడా చేశాడు, ఒక్కో రేకు మీద నాలుగేసి చొప్పున. ఆయన పోయాక 1636లో బయటికొచ్చాయి. పనితనానికి దండం పెడతాను గానీ, మనుషులు నాకు చీమల్లా అనిపిస్తారు.

మరియమ్మ టీచర్

ఆ చీమల్లో మనవాడొకడున్నాడు నాయనా! 1597లో నాగసాకిలో సిలువ వేసిన 26 మందిలో ముంబై దగ్గరి వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా గారు ఒకరు. పునీత పట్టం 1862లో వచ్చింది. కాలో ‘జపాను వేదసాక్షులు’ అని ఒక రేకు చేశాడు. అందులో ఫ్రాన్సిస్కన్ మఠసభ జట్టు 23 మందే ఉంటారు, జెస్విట్లనే ఇంకో సభకు చెందిన ముగ్గుర్ని లెక్కలోకి తీసుకోలేదు. గొన్సాలో గారు ఫ్రాన్సిస్కను.

బేరం బాబు

పెద్దలంతా కళ గురించి మాట్లాడుతున్నారు, నేను డబ్బు గురించి అడుగుతా. చిన్నోడూ, ఫ్రేము వెనక అట్ట తీశావా? నేను ఈ వ్యాపారంలో పదిహేనేళ్లు ఉన్నా. ముందువైపు బొమ్మ ఏమైనా చెప్తుంది, వెనకవైపు కాగితం అబద్ధమాడదు. నలభై వేలన్నవాడు వెనక చూసి అన్నాడా, చూడకుండానే అన్నాడా?

ఫిరంగిపురం చిన్నోడు (సోమవారం రాత్రి)

చూడకుండానే అన్నాడు సార్. ఈరోజు జాగ్రత్తగా మేకులు పీకి అట్ట తీశాను. కాగితం అట్టకు అంటించి లేదు, పైన రెండు చోట్ల పట్టీలతో వేలాడుతోంది. వెనకవైపు కింద ఒక మూల ఎర్ర సిరాతో చిన్న గుండ్రటి ముద్ర ఉంది. లోపల అక్షరాలు, ఏ, డి అనుకుంటా. ఫోటో పెట్టాను. ఇది ఆ ఫాదర్ పేరా?

లైడెన్ లక్ష్మి

ఆ ఫాదర్ పేరు కాదండీ. అమాన్-ద్యురాన్ ముద్ర. పారిస్‌లో 19వ శతాబ్దంలో పాత గురువుల ప్రింట్లకు నకళ్లు తీసిన ఘనుడు. రెంబ్రాంట్ ఎచింగులన్నిటికీ చేశాడు, 1880లలో. జనం మోసపోకూడదని వెనక ముద్ర కొట్టేవాడు. ముద్ర కోసేసి అసలని అమ్ముకున్నవాళ్లు తర్వాత వచ్చారు. మీ షాపతను అన్నీ కోశాడు గానీ, పాపం, ముద్ర మాత్రం వదిలాడు.

ఫిరంగిపురం చిన్నోడు

మరి చుక్కలు లేవు కదా? గీత చివర మొద్దుగా ఉంది, సిరా ఉబ్బెత్తుగా ఉంది. పరీక్షలన్నీ పాసైంది!

రాగిరేకు

తప్పు నాది, నాలుగో పరీక్ష చెప్పలేదు. అమాన్-ద్యురాన్ నకళ్లు తీసిన పద్ధతి పేరు హీలియోగ్రావ్యూర్. అంటే అసలు ప్రింటును ఫోటో తీసి, ఆ గీతల్ని వెలుతురుతో రాగిరేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌తోనే కొరికిస్తారు. రేకు నిజం, యాసిడ్ నిజం, సిరా నిజం. చెయ్యి ఒక్కటే రెంబ్రాంట్‌ది కాదు. అందుకే మూడూ పాసైంది.

నాలుగోది ఇదీ. ఈ రేకులో రెంబ్రాంట్ యాసిడ్‌తో ఆగకుండా, కొన్ని గీతల్ని సూదితో నేరుగా రాగి మీద గీరాడు. దుక్కి దున్నితే నాగటిచాలు పక్కన మట్టి లేచినట్టు, గీత పక్కన రాగి లేస్తుంది. దాన్ని బర్ అంటాం. అది సిరా పట్టి, అచ్చులో వెల్వెట్‌లా మసకగా వస్తుంది. కొన్ని పదుల ప్రతులకే అణిగిపోతుంది. తొలి ప్రతుల్లో సింహం దగ్గర, చెట్టు దగ్గర ఆ మసక ఉంటుంది. మీ ఫోటోలో మళ్లీ చూశాను, నలుపు ఉంది గానీ అంచులు కత్తితో కోసినట్టున్నాయి. మొదటి రోజే చూడాల్సింది. రెంబ్రాంట్ అనగానే నాకూ కాస్త మైకం కమ్మింది.

బేరం బాబు

అయితే నలభై వేలు మంచి బేరమే. ఇచ్చేయ్. కానీ ముద్ర చూపించి అమ్ము, రేపు నీ మీదకు రాకుండా.

నల్లగొండ నవీన్

అక్కా, ఇంకొక్క డౌట్. డచ్చోళ్లు మన మచిలీపట్నంలనే ఉండే కదా ఆ టైంకి. రెంబ్రాంట్ మన కలంకారీ చూసే ఇట్ల గీసిండని చెప్పొచ్చా?

లైడెన్ లక్ష్మి

చెప్పకండి, దయచేసి! 1600లలో డచ్ కంపెనీ బందరులో ఉన్న మాట నిజం. రెంబ్రాంట్ మొఘల్ చిత్రాలు చూసి ఇరవై పైచిలుకు డ్రాయింగులు గీసుకున్న మాటా నిజం. 1656లో అబ్రాహాము దేవదూతలకు విందు పెట్టే ఎచింగులో, వాళ్లు నేలమీద చాప పరిచి కూర్చున్న తీరు అలాంటి మొఘల్ చిత్రం నుంచి తీసుకున్నదే. అంతవరకే. కలంకారీ అని వాట్సాప్‌లో పెడితే మా అత్తగారు నాకే పంపిస్తారు.

ఫిరంగిపురం చిన్నోడు (బుధవారం)

అందరికీ చాలా థ్యాంక్స్. పాత సామాన్లతనికి ముద్ర ఫోటో పంపితే, అయితే నాలుగు వేలన్నాడు. అమ్మమ్మకు విషయం చెప్పాను. ఫోటో తీసి చేసిన నకలని ఎంత వివరించినా, ఆవిడ అడిగింది ఒక్కటే: ఆ సింహం ఎటు చూస్తోంది? నాకు తెలియదన్నాను. గుమ్మం వైపు చూసేలా హాల్లో తగిలించమంటోంది. హాల్లో పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. పర్లేదా?

రాగిరేకు

ఎండ వద్దే వద్దు, కాగితం ఏడాదిలో పసుపెక్కుతుంది. కిటికీ ఉన్న గోడకే తగిలించండి, ఎదుటి గోడకు కాదు. అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మందపాటి మౌంట్ బోర్డు పెట్టించండి, యాసిడ్ లేని బోర్డని అడగండి. ఈసారి కోయొద్దని షాపులో ముందే చెప్పి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి.